ఫోను అడగని ప్రశ్నలు

కంభం, బెస్తవారిపేట, రాచర్ల, గిద్దలూరు. ఈ చుట్టుపక్కల బళ్లలోనే డ్రిల్లు మాస్టారుగా నా సర్వీసంతా గడిచింది. రిటైరయ్యాక విజిలు పోయింది గానీ ప్రశ్నలు పోలేదు. సాయంత్రం అరుగు మీద కూర్చుంటే ఎవరో ఒకరు ఫోనులో వ్యాయామ పథకాలు చూపించి, "సారూ, వీటిల్లో ఏది చేయమంటారు?" అంటారు. ఒకటి ఏడు నిమిషాలది, ఒకటి ముప్పై రోజులది, ఇంకోటి రోజుకు నూట ఎనిమిది సూర్య నమస్కారాలది. చేసి చూపించేది పాతికేళ్ల కుర్రాడు. అడిగేది యాభై దాటిన కిరాణా కొట్టాయన, తెల్లారింది మొదలు రాత్రి దాకా గల్లాపెట్టె ముందు కూర్చునే మనిషి. ఏది మంచిదో చెప్పాలంటే ముందు ఆయన్ని కొన్ని మాటలు అడగాలి. ఫోను వయసు, బరువు అడిగి ఊరుకుంటుంది. నేను అడిగేవీ, చూసేవీ ఇక్కడ రాస్తున్నాను.

1. కొలత ముందు, పథకం తర్వాత

అరవై దాటినవాళ్లకు నేను పెట్టే మొదటి పరీక్ష కుర్చీతో. చేతులు లేని కుర్చీ, సుమారు 17 అంగుళాల ఎత్తుది కావాలి. ప్లాస్టిక్ కుర్చీ టైల్స్ మీద జారుతుంది కాబట్టి వెనక గోడకు ఆనించి పెట్టాలి. రెండు చేతులూ ఛాతీ మీద అడ్డంగా కట్టుకుని, 30 సెకన్లలో ఎన్నిసార్లు నిటారుగా లేచి మళ్లీ కూర్చోగలరో లెక్కపెట్టాలి. 60 నుంచి 64 ఏళ్ల మగవాళ్లు 14 సార్లకు, ఆడవాళ్లు 12 సార్లకు తగ్గితే ఆ వయసుకు కాళ్లలో బలం తక్కువున్నట్టు. 65 నుంచి 69కి ఆ లెక్క 12, 11. 70 నుంచి 74కి 12, 10. తొడల మీద చేతులు మోపి లేస్తే సున్నా వేయాలి.

చాలామంది ఎనిమిది తొమ్మిది దగ్గర ఆగిపోయి, "ఇదేం వ్యాయామం సారూ, కుర్చీలో కూర్చుని లేవడమేగా" అని ఆయాసపడుతూ అంటారు. వీళ్లను గెంతించే పథకం దగ్గరికి పోనివ్వను. మొదటి నెలంతా ఆ కుర్చీయే వాళ్ల పథకం.

వయసులో ఉన్నవాళ్లకు దండీలు చాలు. నడుము కిందికి జారకుండా ఎన్ని తీస్తే అదే లెక్క. పదో దండీకి నడుము జారిపోయాక తీసిన ఇరవై నేను రాసుకోను.

2. అది ఎవరి కోసం పుట్టిందో తెలుసుకోవాలి

ప్రతి పథకం తయారుచేసేటప్పుడు తయారుచేసినవాడి కళ్ల ముందు ఒక మనిషి ఉంటాడు. ఆ మనిషికీ మనకూ పోలిక ఉందా లేదా చూడాలి.

తబాటా అని ఇప్పుడు ఏ ఫోను తెరిచినా మోగుతోంది. 20 సెకన్లు ఊపిరాడకుండా చేయడం, 10 సెకన్లు ఆగడం, అట్లా ఏడెనిమిది విడతలు. జపాన్ శాస్త్రవేత్త ఇజుమి తబాటా 1996లో వేసిన పరిశోధన పత్రంతో దీనికి పేరొచ్చింది. ఆ పరిశోధనలో సైకిల్ యంత్రం తొక్కినవాళ్లు ఆటల్లో ఆరితేరిన కుర్రాళ్లు. ఇక మావల్ల కాదనేదాకా తొక్కించారు. అదే పేరు పెట్టి మన హాల్లో సోఫా పక్కన నాలుగు గెంతులు వేయిస్తున్నారు. అది తబాటా కాదు. ఒకవేళ నిజంగానే తబాటా అయితే, యాభై ఏళ్ల కొట్టాయన చేయవలసింది కాదు.

ఏడు నిమిషాల వ్యాయామం 2013లో అమెరికాలో క్రిస్ జోర్డాన్, బ్రెట్ క్లికా రాసిన వ్యాసం నుంచి వచ్చింది. 12 వ్యాయామాలు, ఒక్కోటి 30 సెకన్లు, మధ్యలో 10 సెకన్ల విరామం. గోడ, కుర్చీ, సొంత ఒళ్లు ఉంటే చాలు. తీరిక దొరకని ఉద్యోగులను దృష్టిలో పెట్టుకుని రాశారు, చక్కగా రాశారు. జనం నోట మాత్రం 'ఏడు నిమిషాలు' అన్న ముక్కే పడింది. ఆ చుట్టును రెండు మూడు సార్లు తిప్పుకోవచ్చన్న మాట ఎవరూ చెప్పరు. బీపీ, గుండె జబ్బు ఉన్నవాళ్లు కదలకుండా బిగబట్టే వ్యాయామాలు, అంటే ప్లాంక్, గోడకుర్చీ లాంటివి, చేయవద్దన్న హెచ్చరిక కూడా ఆ వ్యాసంలోనే ఉంది. గోడకుర్చీ మా బళ్లో శిక్ష. ఇప్పుడు దానికి డబ్బు కట్టి వేసుకుంటున్నారు.

నాకు అన్నిటికన్నా ఇష్టమైనది పాతది, కెనడా వాళ్ల ఫైవ్ బీఎక్స్. 1950ల చివర్లో బిల్ ఆర్బన్ అనే ఆయన అక్కడి వైమానిక దళం కోసం తయారుచేశాడు. వ్యాయామశాల అందుబాటులో లేని సిబ్బంది కూడా పడుకునే గదిలోనే చేసుకునేట్టు ఐదు వ్యాయామాలు, రోజుకు 11 నిమిషాలు. ఆడవాళ్లకు ఎక్స్ బీఎక్స్ అని పది వ్యాయామాలు, 12 నిమిషాలు. కాళ్లు బారచాపి లేచి కూర్చునే వ్యాయామం లాంటివి నడుముకు మంచివి కావని ఇప్పుడంటారు, అవి తీసేయాలి. కానీ ఏ వయసువాడు ఏ మెట్టు దాకా ఎక్కాలో పట్టిక వేసి చూపిన పద్ధతి నాకు ఈనాటి యాప్‌లలో కూడా తక్కువగా కనపడుతుంది. దాని సంగతి కింద ఇంకోచోట మళ్లీ చెప్తాను.

3. పలక మీద నాలుగు గళ్లు

మార్కాపురం పలకల పక్కన పుట్టినవాళ్లం, పలక కోసం వెతుక్కునే పని లేదు. నా దగ్గరికొచ్చినవాళ్ల ముందు పలక పెట్టి బలపంతో నాలుగు గళ్లు గీస్తాను. దమ్ము, బలం, వంపు, నిలకడ. వాళ్లు తెచ్చిన పథకంలో ఏ గడి నిండుతుందో వాళ్లనే టిక్కు పెట్టమంటాను.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క ప్రకారం పెద్దవాళ్లకు వారానికి 150 నుంచి 300 నిమిషాలు ఒక మోస్తరు శ్రమ కావాలి. వారంలో కనీసం రెండు రోజులు కండకు పని పడాలి. 65 దాటినవాళ్లు కనీసం మూడు రోజులు నిలకడ కోసం, అంటే తూలి పడకుండా, సాధన చేయాలి. ఒక మోస్తరు శ్రమ అంటే ఎంత అని అడుగుతారు. చేస్తూ ఉండగా మాట రావాలి, పాట రాకూడదు. మాట కూడా ముక్కలు ముక్కలుగా వస్తే అది మోస్తరు దాటినట్టు.

గళ్లు గీశాక తగవు తీరిపోతుంది. పొద్దున్నే నల్లమల వైపు నంద్యాల రోడ్డు మీద నడిచొచ్చే పెద్దమనిషికి దమ్ము గడి నిండా టిక్కులే, బలం గడి ఖాళీ. సూర్య నమస్కారాల వాళ్లకు వంపు బాగుంటుంది, బలం సగం నిండుతుంది, నెమ్మదిగా చేస్తే దమ్ము అంతగా రాదు. రెండు పథకాల్లో ఏది గొప్పదన్న వాదన కంటే, నడిచేవాడికి వారంలో రెండు రోజుల దండీలు, నమస్కారాల వాళ్లకు సాయంత్రం అరగంట నడక కలపడం తేలిక.

4. తోయడమే ఉంది, లాగడం ఏదీ?

ఇది ఎవరూ పట్టించుకోని సంగతి, అందుకే కాస్త ఆగి చెప్తాను. పరికరాలు లేకుండా ఇంట్లో చేసే పథకాలు ఏవి తీసుకున్నా, దండీ, ప్లాంక్, సూర్య నమస్కారం, అన్నింట్లోనూ చేతులు నేలను తోస్తాయి. ఏదైనా పట్టుకుని మనవైపు లాగే పని ఉండదు. దానితో ఛాతీ బిగుస్తుంది, వీపు పై భాగం నీరసంగానే మిగిలిపోతుంది. రోజంతా ఫోను మీద వంగేవాళ్లకు భుజాలు ఇంకా ముందుకు వాలతాయి.

వెనకటి ఆడవాళ్లకు ఈ లోటు తెలియదు, బావిలో చేద వేసి లాగేవాళ్లు. తాలింఖానాల్లో దండీలు, బస్కీలతో పాటు కుస్తీ ఉండేది, పట్టులో లాగడం దానంతట అదే వచ్చేది. మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు గారు కూడా విజయనగరంలో కొన్నాళ్లు వ్యాయామ ఉపాధ్యాయుడే. ఆ మాట తలుచుకున్నప్పుడల్లా మా డ్రిల్లు మాస్టార్ల కులానికి ఒక మెట్టు పెరిగినట్టుంటుంది నాకు.

ఇప్పుడు చేద లేదు కాబట్టి నూనె క్యాను. పిడి ఉన్న 5 లీటర్ల క్యాను నీళ్లతో నింపితే 5 కిలోలు. లీటరుకు కిలో, తక్కెడ అక్కర్లేదు. ఎడమ మోకాలు, ఎడమ అరచేయి మంచం మీద మోపి, వీపు బల్లపరుపుగా ఉంచి, కుడిచేత్తో క్యానును తుంటి దాకా లాగాలి. మోచేయి పక్కటెముకలను రాసుకుంటూ పైకి పోవాలి. నీళ్లు లోపల అటూఇటూ కొట్టుకుంటే చేయి ఊపుతున్నట్టే, నెమ్మదించాలి. పది లాగుళ్లు, మళ్లీ రెండో వైపు. సులువైపోతే పది లీటర్ల క్యానుకు మారాలి.

5. ఒంట్లో ఫ్లోరైడ్ ఉన్న ఊళ్లు

పాత ప్రకాశం జిల్లా పడమటి ఊళ్ల బోరు నీళ్ల సంగతి మనకొకరు చెప్పక్కర్లేదు. తాగే నీళ్లలో లీటరుకు 1 మిల్లీగ్రాము ఫ్లోరైడ్ దాకా ఉండవచ్చని, వేరే నీళ్లు దొరకని చోట 1.5 దాకా సరిపెట్టుకోవచ్చని మన దేశపు ప్రమాణం. కనిగిరి, మార్కాపురం వైపు ఎన్నో ఊళ్లు ఆ గీత దాటిన నీళ్లు ఏళ్ల తరబడి తాగాయి. ఎముకల్లో అది చేరే తీరు నెమ్మది. ముదిరాక మెడ తిరగదు, నడుము వంగదు, గొంతుక్కూర్చోవడం కష్టమవుతుంది. ఎముకలను పట్టి ఉంచే స్నాయువులు సున్నం పేరుకుని గట్టిపడతాయి. సాగదీస్తే సాగే స్థితిలో ఉండవు.

అట్లాంటి మనిషిని కూర్చోబెట్టి, కాళ్లు చాపించి, బొటనవేళ్లు అందలేదని వీపు మీద చేత్తో నొక్కేవాళ్లను చూశాను. వాళ్ల ఉద్దేశం మంచిదే గానీ, చేసేది హాని. నడుము పట్టేసిందని వచ్చిన నడివయసు వాళ్లను నేను మొదట ఎముకల డాక్టరు దగ్గరికి పంపుతాను. ఎక్స్‌రేలో తేలాక వాళ్లకు మిగిలే పథకం చిన్నది: చదును నేల మీద నడక, కుర్చీలో కూర్చుని చేతులు ఎత్తడం, నొప్పి మొదలయ్యే చోటుకు ముందే ఆగడం. వ్యాయామంతో ఫ్లోరోసిస్ తగ్గుతుందని చెప్పే వీడియో ఏదైనా కనపడితే అక్కడే మూసేయండి.

6. ఏ గంట మీ సొంతం?

మా వీధిలో బ్లౌజులు కుట్టే అమ్మాయి ఒకరోజు వచ్చింది.

"పొద్దున్నే ఐదున్నరకు ఫోన్లో లైవ్ క్లాసు సారూ. బాగా చెప్తారు."

"చేస్తున్నావా అమ్మా?"

"ఆ టైముకే మాకు కుళాయి వస్తాది. బిందె పక్కన ఫోను పెట్టుకుని చూస్తా."

"మరి నీకు తీరిక ఎప్పుడు?"

"పిల్లోళ్లు బడికి పోయినాక. పదింటికి ఒక అర్ధగంట. ఆ తర్వాత మిషన్ ఎక్కితే ఇంక దిగను."

పథకం ఎంచుకోవడం అక్కడితో సగం అయిపోయింది. లైవ్ క్లాసు పనికిరాదు, ఎప్పుడు కావాలంటే అప్పుడు పెట్టుకునేది కావాలి. కుట్టు మిషనుకూ మంచానికీ మధ్య ఉన్న జాగా ఒక చాప పట్టేంత. కింద పోర్షన్ వాళ్లున్నారు కాబట్టి గెంతులు కుదరవు. నైటీలో ఉంటుంది కాబట్టి కాళ్లు పైకెత్తే వ్యాయామాలు తలుపు తీసి ఉన్న ఇంట్లో చేయదు. నిలబడి చేసేవి, గోడకు చేతులు మోపి తోసేవి, కుర్చీలోంచి లేచేవి ఏరి ఇచ్చాను. రోజంతా వంగి కుట్టే మనిషి కదా, క్యాను లాగుడు కూడా కలిపాను. ఈ ప్రశ్నలు ఏ యాప్ అడిగిందీ?

ఎండ సంగతి కూడా ఇందులోకే వస్తుంది. ఏప్రిల్, మే నెలల్లో మన డాబా ఇళ్లలో రాత్రి తొమ్మిదైనా పైకప్పు సెగ కొడుతూనే ఉంటుంది. సాయంత్రం చేసుకునేవాళ్లు ఆ రెండు నెలలూ తెల్లవారుజామునకు మారాలి, కుదరకపోతే సగానికి తగ్గించుకోవాలి. తగ్గించడం మానేయడం కంటే నయం.

7. అరవై ఐదు దాటితే ఒటాగో

పేరు వినని పథకం, ఏ కుర్రాడూ వీడియోలో గొప్పగా చూపించనిది. న్యూజిలాండ్‌లో ఒటాగో విశ్వవిద్యాలయం వైద్య పరిశోధకులు 1990లలో పెద్దవాళ్లు పడిపోకుండా ఉండడానికి తయారుచేశారు. ఫిజియోథెరపిస్టు లాంటివారు ఇంటికొచ్చి నేర్పి వెళ్తారు, తర్వాత ఎవరికి వాళ్లు చేసుకోవాలి. వారానికి మూడు రోజులు అరగంట చొప్పున కాళ్ల బలానికీ నిలకడకూ, వారానికి రెండు రోజులు నడక. చేసినవాళ్లలో పడిపోవడాలు సుమారు 35 శాతం తగ్గాయని వాళ్ల పరీక్షల్లో తేలింది. అదీ ఎనభై దాటి, అప్పటికే ఒకసారి పడ్డవాళ్లకు ఎక్కువ ఉపకారం చేసింది.

మన ఇంట్లో దీనికి చోటు వంటింటి కడప బండ. నడుము ఎత్తున ఉంటుంది, కదలదు. రెండు చేతులతో బండ పట్టుకుని మునివేళ్ల మీద లేవాలి, దిగాలి. మడమల మీద నిలిచి వేళ్లు పైకెత్తాలి. ఒక పాదం మడమ రెండో పాదం వేళ్లను తాకేట్టు వరసగా పెట్టి 10 సెకన్లు నిలబడాలి. తర్వాత ఒంటికాలి మీద. బండ పట్టుకునే పక్కకు అడుగులు వేయాలి. తేలికైపోయాక ఒక చేయి వదలాలి, ఆ తర్వాత రెండోది. చేతులు వదిలినా బండ అందేంత దూరంలోనే ఉండాలి. అరగంట ఒకేసారి చేయక్కర్లేదు, ముక్కలుగా చేసినా చెల్లుతుంది. చారు మరిగేలోపు ఒక విడత, పాలు కాగేలోపు ఇంకో విడత.

చీలమండకు కట్టే బరువులు కొనాల్సిన పని లేదు. పాత ప్యాంటు కాలు కత్తిరించి, లోపల ప్లాస్టిక్ సంచీలో అరకిలో సగిలేరు ఇసుక పోసి, రెండు వరసల కుట్టు వేయిస్తే సరిపోతుంది. పట్టీలు వెడల్పుగా ఉండాలి, సన్నటి తాడైతే చర్మం కోస్తుంది. కుర్చీలో కూర్చుని దాన్ని కట్టుకుని కాలు నిటారుగా చాపాలి, నెమ్మదిగా దించాలి. ఎత్తడం కంటే దించడం నెమ్మదిగా ఉండాలి. ఈ ముక్క పెద్దవాళ్లకు ఎన్నిసార్లు చెప్పినా చాలదు.

తల తిరిగే జబ్బు ఉన్నవాళ్లు, బీపీ మాత్ర కొత్తగా మార్చినవాళ్లు డాక్టరుకు చెప్పి మొదలుపెట్టాలి. గ్లకోమా ఉన్నవాళ్లు తల కిందికి వాల్చే ఆసనాల జోలికి పోవద్దు.

8. పొలం పని చేసేవాడికి

"మాకెందుకు సారూ వ్యాయామం, పొద్దస్తమానం పనేగా" అంటారు రైతులు. మందు ట్యాంకు వీపున వేసుకుని మిరప చేలో తిరిగేవాడికి బలం గడి నిండినట్టే, దమ్ము గడీ నిండినట్టే. అతనికి ఇంకో బస్కీల పథకం అంటగట్టడం అన్యాయం. కావలసింది పని కాగానే ఐదు నిమిషాలు వెల్లకిలా పడుకుని మోకాళ్లు పొట్టకు హత్తుకోవడం, ఒకే వైపు వంగిన నడుమును రెండో వైపు వంచడం. నిద్ర కూడా.

9. డబ్బు

యాప్‌కు ఏడాది చందా కట్టేముందు ఉచితంగా దొరికేది నెల రోజులు చేసి చూడాలి. ఆయుష్ శాఖ యోగా దినోత్సవానికి తయారుచేసిన 45 నిమిషాల ఉమ్మడి యోగా క్రమం ఉంది, రూపాయి ఖర్చు లేదు, మెడ తిప్పడం నుంచి ధ్యానం దాకా వరస బాగుంటుంది. 2025 జూన్ 21న యోగాంధ్ర పేరుతో విశాఖ తీరాన 3 లక్షల మందికి పైగా చేశారు, దానికి ముందు నెల రోజులు రాష్ట్రమంతటా నేర్పారు. ఆ నెలలో కొన్న చాపలు చాలా ఇళ్లలో బీరువా పైన ఉన్నాయి. మీ చాప ఎక్కడుందో చూసుకుని ఆ తర్వాత చందా సంగతి ఆలోచించండి.

10. మానేశాక ఏం చెప్తుంది?

రెండు పథకాలు పక్కపక్కన పెట్టి ఎంచుకోవలసి వస్తే నేను చూసేది ఇదొక్కటే: మధ్యలో మానేసినవాడికి అది ఏం చెప్తుంది? మానేయడం తప్పదు. పెళ్లిళ్లు వస్తాయి, కంది కోతలు వస్తాయి, మనవరాలికి జ్వరం వస్తుంది, కూతురు పురిటికి వస్తుంది. ముప్పై రోజుల ఛాలెంజ్‌లో పన్నెండో రోజు ఆగిపోయినవాడికి పదమూడో రోజు పని అట్లాగే నిలబడి ఉంటుంది. మూడు వారాల తర్వాత తెరిస్తే ఆ పదమూడే చూపిస్తుంది. వాడు చేయబోతాడు, ఒళ్లు పట్టేస్తుంది, తనకు పట్టుదల లేదనుకుని శాశ్వతంగా వదిలేస్తాడు. కుర్రాళ్లలో ఇది బడి రోజుల నుంచీ చూస్తున్నాను. సెలవుల తర్వాత మొదటి రోజే పాత లెక్కన పరుగు పెట్టిస్తే సగంమంది మర్నాడు డ్రిల్లుకు రారు.

ఫైవ్ బీఎక్స్ పుస్తకంలో దీనికి జవాబు రాసిపెట్టారు. ఏ కారణంతో ఆపినా పాత మెట్టు మీద మొదలుపెట్టకూడదు, అవస్థ పడకుండా చేయగలిగే మెట్టు దొరికేదాకా కిందికి దిగాలి. రెండు నెలలకు మించి ఆపినా, జబ్బు పడి నెలకు మించి ఆపినా మొదటి పట్టిక నుంచి రావాలి. ఎప్పుడో 1950లలో సైనికులకు ఇచ్చిన వెసులుబాటు మన ఇళ్లలో వాళ్లకు ఎందుకు ఉండకూడదు? అట్లాంటి మాట లేని పథకం మీకు నచ్చితే చేసుకోండి, కానీ వెనక్కి దిగే మెట్లు మీరే పలక మీద రాసుకోండి. వారం ఆపితే ఎంత, నెల ఆపితే ఎంత అని. ఒంట్లో బాగున్న రోజే రాసుకోవాలి, మళ్లీ మొదలుపెట్టే రోజు రోషం వచ్చి ఎక్కువ రాసుకుంటాం.

రెండు మూడు నెలలు చేశాక మొదట రాసుకున్న కుర్చీ లెక్కో దండీల లెక్కో మళ్లీ పెట్టాలి. లెక్క పెరిగితే పథకం మీకు సరిపడినట్టు. కదలకపోతే బరువు పెంచాలి, లేదా పథకం మార్చాలి. ఈలోగా పొరుగువాళ్ల పథకం చూసి మారవద్దు.

11. పక్క నుంచి తీసిన వీడియో

ఫోను మనకు చూపిస్తుంది గానీ మనల్ని చూడదు. కాబట్టి వారానికొకసారి ఇంట్లో ఎవరిచేతనైనా మీరు చేస్తుండగా వీడియో తీయించుకోండి. ఎదురుగా తీస్తే నడుము వంపు కనపడదు, పక్క నుంచి తీయాలి, ఫోను మోకాలి ఎత్తున పెట్టాలి. కుర్చీలోంచి లేచేటప్పుడు మోకాళ్లు లోపలికి వాలుతున్నాయా అన్నది మాత్రం ఎదురు నుంచి చూడాలి. ఛాతీలో బరువు, ఎడమచేతిలో లాగుడు, కళ్లు చీకట్లు కమ్మడం వస్తే వీడియో సంగతి తర్వాత, ఆపేసి ఆసుపత్రికి పోవాలి. మనవడిచేత తీయిస్తే వాడు నవ్వుతాడు, ఫోను ఊగుతుంది. ఫోను ఏ స్టూలుకో ఆనించి పెట్టి వాణ్ణి బయటికి పంపండి.